ఎడారి బస్సు

మొయినాబాదులో మా అక్కయ్య వాళ్లింట్లో, 2018 నవంబరులో ఒక రాత్రి, నేనొక బస్సును పావుగంట సేపు కన్నార్పకుండా చూస్తూ కూర్చున్నాను. నిజం బస్సు కాదు, మా మేనల్లుడి కంప్యూటరు తెర మీది బస్సు. డ్రైవరు కూర్చునే చోటి నుంచి కనబడే దృశ్యం అది. ఎదురుగా అద్దం, అద్దం అవతల తాడు లాగి పట్టినట్టు సాగిపోయే రోడ్డు, రోడ్డుకు ఇరుపక్కలా ఇసుక. మలుపు లేదు, ఊరు లేదు, ఎదురొచ్చే బండి లేదు. బస్సులో ప్రయాణికుడన్నవాడే లేడు. తెరలో ఇంకో పక్క, ఎక్కడో కెనడాలోని ఒక గదిలో, ఒకతను కంట్రోలరు చేతబట్టుకుని ఆ బస్సును నడుపుతున్నాడు. అతని వెనక నలుగురైదుగురు చేరి పాటలు పాడుతున్నారు, వింత టోపీలు పెట్టుకుని గంతులు వేస్తున్నారు. అతను మాత్రం రోడ్డు మీది నుంచి చూపు తిప్పడం లేదు.

“ఇప్పుడేమవుతుంది?” అని అడిగాను చివరికి, ఓపిక నశించి.

“ఏం గాదు మామా. ఏం గాకపోవుడే ఈ ఆట,” అన్నాడు వాడు.

ఈ టపా ఆ బస్సును గురించి. దానితోబాటు మా నాయన నడిపిన బస్సును గురించి కూడా. రెంటికీ సంబంధమేమిటని మీరడగవచ్చు. ఆ సంబంధం నాకు ఆ రాత్రే లీలగా తోచింది కాని, కాగితం మీద పెట్టగలిగేటంత స్పష్టం కావడానికి ఏడేళ్లు పట్టింది.

ముందు ఆట సంగతి చెబుతాను. దాని పేరు ‘డెజర్ట్ బస్’. అమెరికాలో పెన్, టెల్లర్ అని పేరు మోసిన ఇంద్రజాలికుల జంట ఒకటి ఉంది. 1990 దశకం తొలినాళ్లలో, వీడియో ఆటలలోని హింస పిల్లలను పాడుచేస్తోందని అక్కడ పెద్ద గగ్గోలు పుట్టింది. 1993లో అమెరికా సెనేటులో దాని మీద విచారణలు కూడా జరిగాయి. హింస అన్నది మచ్చుకైనా లేకుండా, అచ్చంగా నిత్యజీవితం వలె ఉండే ఆట ఎంత కమ్మగా ఉంటుందో రుచి చూపిద్దామని, వెక్కిరింతగా వీళ్లు ఈ ఆటను కల్పించారు. అరిజోనా రాష్ట్రంలోని టూసాన్ నగరం నుంచి నెవాడా రాష్ట్రంలోని లాస్ వేగస్ దాకా బస్సు నడపాలి. గంటకు 45 మైళ్లకు, అంటే మన లెక్కలో 72 కిలోమీటర్లకు మించి వేగం పోదు. చేరడానికి ఎనిమిది గంటలు పడుతుంది. ఆటలోని గంటలు కావవి, మన గోడ గడియారంలోని గంటలే. మధ్యలో ఆపి మళ్లీ మొదలుపెట్టే వీలు లేదు. పోనీ మీట మీద ఏదైనా బరువు పెట్టి, భోంచేసి వద్దామా అంటే, అందుకూ దారి మూసేశారు. బస్సు ఎప్పుడూ కొద్దికొద్దిగా కుడివైపుకు లాగుతూ ఉంటుంది. సరిచేస్తూ ఉండకపోతే ఇసుకలోకి దిగి ఆగిపోతుంది. అప్పుడొక బండి వచ్చి దానిని కట్టుకుని మళ్లీ టూసాన్‌కు లాక్కుపోతుంది. ఎంత దూరం వచ్చారో అంత దూరమూ, అంత సేపూ, వెనక్కి. అయిదు గంటలు నడిపిన తరువాత ఒక పురుగు వచ్చి అద్దానికి కొట్టుకుని చితికిపోతుంది. ఆ ప్రయాణం మొత్తంలో చెప్పుకోదగిన సంఘటన అదొక్కటే. ఇంతా చేసి గమ్యం చేరితే వచ్చేది ఒక్క పాయింటు. చేరిన వెంటనే, ఓపికుంటే తిరుగు ప్రయాణం చేయమని అడుగుతుంది.

ఈ ఆట ఉన్న సంపుటి 1995లో బజారులోకి రావలసింది. ప్రచురించవలసిన కంపెనీ మూతబడటంతో రానేలేదు. పదేళ్ల తరువాత పాత ఆటలను సేకరించే ఒకరి ద్వారా ఒక ప్రతి బయటపడి అంతర్జాలంలోకి ఎక్కింది. ఎవరూ కొనని, ఎవరూ ఆడని, ఆడకూడదనే తయారుచేసిన ఆట అది. అక్కడితో దాని కథ ముగిసిపోవలసింది.

కాని 2007 నవంబరులో, కెనడాలోని విక్టోరియా పట్టణంలో ‘లోడింగ్ రెడీ రన్’ అనే హాస్య బృందానికి ఒక ఊహ వచ్చింది. ఈ దిక్కుమాలిన ఆటను తాము వంతులు వేసుకుని, రాత్రింబగళ్లు ఆపకుండా ఆడతారట. లోకులు చందాలు ఇస్తున్నంత కాలం బస్సు నడుస్తూనే ఉంటుందట. వచ్చిన డబ్బు ‘చైల్డ్స్ ప్లే’ అనే సంస్థకు పోతుందట. ఆ సంస్థను 2003లో సియాటిల్ వద్ద ఇద్దరు వ్యంగ్యచిత్రకథల రచయితలు మొదలుపెట్టారు. ఆసుపత్రులలో ఉన్న పిల్లలకు బొమ్మలు, పుస్తకాలు, ఆటలు సమకూర్చడం దాని పని. ఈ బృందం తమ కార్యక్రమానికి ‘డెజర్ట్ బస్ ఫర్ హోప్’ అని పేరు పెట్టింది. అప్పటి నుంచి ఏటా నవంబరులో అది జరుగుతూనే ఉంది.

చందాల లెక్క మా మేనల్లుడు చెప్పినప్పుడు నాకు నచ్చింది. మొదటి గంట ఖరీదు ఒక్క డాలరు. ఆ తరువాత ప్రతి గంటా ముందరి గంట కంటె నూటికి ఏడు వంతులు ప్రియం. చదరంగపు గళ్లలో గింజలు పోయమన్న పాత కథ మనకు తెలిసినదే కదా, ఆ లెక్కే ఇది, కాస్త నింపాదిగా నడుస్తుందంతే. కాగితం తీసుకుని గుణించి చూశాను. మొదటి రోజు ఇరవైనాలుగు గంటలకూ కలిపి 58 డాలర్లు చాలు. నూరు గంటలు నడవాలంటే పన్నెండు వేల డాలర్లు దాటాలి. నూటయాభై గంటలకు మూడు లక్షల అరవై అయిదు వేలు కావాలి. మొదటి ఏడు వాళ్లు 108 గంటలు నడిపి 22 వేల పైచిలుకు డాలర్లు పోగుచేశారు. ఈనాటి లెక్కలో నూటయాభయ్యవ గంట ఒక్కదాని వెలే అంతకంటె ఎక్కువ. అయినా జనం దానిని దాటించేస్తున్నారు. ఇప్పుడు బస్సు దాదాపు ఏడు రోజులు నడుస్తోంది. ఏడాదికి పది లక్షల డాలర్లు దాటిన సందర్భాలూ ఉన్నాయి. అన్ని ఏళ్లవీ కలిపితే మొత్తం కోటి డాలర్లు దాటిపోయింది.

నూట ఎనిమిది అనగానే మా అక్కయ్య చెవులు నిక్కబొడుచుకుంది. మొయినాబాదు మండలంలోనే చిలుకూరు ఉంది కదా. బాలాజీ గుడిలో కోరిక చెప్పుకునేటప్పుడు పదకొండు ప్రదక్షిణలు, నెరవేరాక నూట ఎనిమిది. ఆ గుడిలో హుండీ లేదు. మొక్కుబడి చెల్లించడానికి అక్కడ డబ్బు పనికిరాదు, కాళ్లే పనికివస్తాయి. “అయితే వీళ్లు గూడ చిలుకూరు మొక్కులోళ్లేనన్న మాట,” అంది అక్కయ్య, పప్పు గిన్నె దింపుతూ. నవ్వాము కాని, నవ్వి ఊరుకునే మాట కాదది.

నాకు మాత్రం గుర్తుకొచ్చింది సప్తాహం. చేవెళ్ల వైపు మా పల్లెలో, నా చిన్నతనంలో, ఏడు పగళ్లూ ఏడు రాత్రులూ అఖండ భజన పెట్టేవారు. దీపం కొండెక్కకూడదు, నామం తెగకూడదు. ఊళ్లోవాళ్లు జట్లుగా విడిపోయి వంతులు వేసుకునేవారు. ఒకరి చేతి తాళాలు మరొకరి చేతికి మారేటప్పుడు కూడా పాట ఆగేది కాదు. సాయంత్రం వంతుకు జనం ఎగబడేవారు. అర్ధరాత్రి దాటాక వంతు మాత్రం ఎవరికో గాని గిట్టేది కాదు. తెల్లవారుజాము మూడింటికి గుడిలో ఇద్దరే మిగిలేవారు, ఒకడు నిద్రలో తూగుతూ తాళం వేస్తుంటే, రెండోవాడు ఆ తాళంలో పడి పాడేవాడు. దేవుడు ఆ ఇద్దరి పాటే వింటాడని మా నాయనమ్మ అనేది.

ఈ కెనడా వాళ్లూ రోజును నాలుగు వంతులు చేసుకున్నారు. ఒక్కొక్కటి ఆరు గంటలు. ‘డాన్ గార్డ్’, ‘ఆల్ఫా ఫ్లైట్’, ‘నైట్ వాచ్’, ‘జీటా షిఫ్ట్’ అని పేర్లు. అర్ధరాత్రి నుంచి పొద్దున ఆరింటి దాకా సాగేది జీటా. వాళ్ల అర్ధరాత్రి మనకు మధ్యాహ్నం ఒకటిన్నర. మా మేనల్లుడు ఆ వారం రోజులూ ఆఫీసులో అన్నం తింటూ ఆ వంతు చూసేవాడట. నిద్ర ముంచుకొస్తున్న మనుషులు అర్థం లేని జోకులకు పగలబడి నవ్వుతుంటే, డ్రైవరు మాత్రం కుడికి లాగే బస్సును ఎడమకు తిప్పుతూ ఉంటాడు. వేల మంది ఎక్కడెక్కడి నుంచో కూర్చుని వాళ్లకు కాపలా కాస్తుంటారు. ఎవరో పాట అడుగుతారు, వీళ్లు పాడతారు. ఎవరో చేత్తో అల్లిన దుప్పటి పంపుతారు, దానిని వేలం వేస్తారు. ఆ ఆటను కల్పించిన ఇంద్రజాలికులు కూడా వాళ్లకు అండగా నిలిచి చందా ఇచ్చారు. వెక్కిరింతకు పుట్టిన ఆట ఇలా మొక్కుగా మారుతుందని వాళ్లు మాత్రం కలగన్నారా?

“నువ్వు గూడ నడుపుతవా మామా?” అన్నాడు మేనల్లుడు. ఆట వాడి దగ్గర ఉంది. సరేనని కూర్చున్నాను.

మొదటి అయిదు నిమిషాలు నవ్వులాట. పదో నిమిషానికి నడుం నొప్పి. పదిహేనో నిమిషానికి నా మనసు తెలియకుండానే ఇంటి పన్ను మీదికి పోయింది, ఇసుక అంచు దగ్గర బస్సు ఊగింది, ఉలిక్కిపడి తిప్పాను. అప్పుడు తెలిసింది, ఈ ఆటలో కష్టం బస్సును నడపడంలో లేదు, మనసును బస్సులో ఉంచడంలో ఉంది. నిద్ర రావడం లేదు, విసుగు వస్తోంది, ఆ విసుగు నిద్ర కంటె మెల్లగా, నక్కినక్కి వస్తోంది. నలభై మూడో నిమిషంలో అక్కయ్య వంటింట్లోంచి ఏదో అడిగింది. “ఆఁ?” అని తల తిప్పాను. అంతే. బస్సు ఇసుకలో దిగింది. లాగుడు బండి వచ్చింది. నలభై మూడు నిమిషాల దారీ వెనక్కి వెళుతుంటే చూస్తూ కూర్చున్నాను.

అప్పుడే మా నాయన గుర్తొచ్చాడు.

మా నాయన ఆర్టీసీ డ్రైవరు. ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఎక్కువ భాగం ఈ బీజాపూరు రోడ్డు మీదనే గడిచింది. మెహదీపట్నం, లంగరు హౌజు, అజీజ్ నగరు, మొయినాబాదు, చేవెళ్ల, మన్నెగూడ, ఆ పైన పరిగి, తాండూరు. మళ్లీ వెనక్కి. ఈ దారి తెలిసినవారికి దీని మర్రిచెట్లు తెలిసే ఉంటాయి. నిజాం కాలంలో నాటినవి. అప్పా కూడలి నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల పొడవునా, ఇరువైపులా కలిసి తొమ్మిది వందలకు పైగా ఉన్నాయని లెక్కవేశారు. రోడ్డు వెడల్పు కావాలని ఒకరు, చెట్లు నిలవాలని ఒకరు, జాతీయ హరిత ట్రిబ్యునల్ ముందు ఏళ్ల తరబడి వాదులాడుకున్నారు. కారులో షికారు వచ్చేవారికి ఆ దారి పచ్చని పందిరి. మా నాయనకు మాత్రం అది ఎండా నీడా గళ్లుగళ్లుగా కళ్లలో కొట్టే దారి. “నీడల నుంచి ఎండలకు, ఎండల నుంచి నీడలకు, కండ్లు పోతయిరా,” అనేవాడు.

చిన్నప్పుడు ఒకసారి, బస్సు నడపడం కష్టమా అని అడిగాను. “ఏముందిరా. పక్కకు పోకుండ చూసుకొనుడే,” అన్నాడు. ఎనిమిదేళ్ల పిల్లవాడికి ఆ జవాబు ఎంత చప్పగా తోచిందో చెప్పలేను. పక్కింటి కుర్రవాడి నాన్న మిలిటరీలో ఉండేవాడు. ఆయన సెలవుల్లో వచ్చి మంచుకొండల కథలు చెప్పేవాడు. మా నాయన దగ్గర ఒక్క కథ కూడా లేదు. పొద్దున పోయేవాడు, రాత్రి వచ్చేవాడు. బస్సు వెళ్లింది, బస్సు వచ్చింది. ముప్ఫై ఏళ్లలో ఏమీ జరగలేదు. ఏమీ జరగకపోవడమే ఆయన పని అని నాకు నలభై నాలుగేళ్ల వయసులో, ఒక ఆటలో ఓడిపోయాక గాని తెలియలేదు.

ఇక అసలు సంగతి చెప్పాలి. 1983లో, నాకు తొమ్మిదేళ్లప్పుడు, మూత్రపిండాల జబ్బు చేసింది. పొద్దున లేచేసరికి కళ్లు మూసుకుపోయేటంతగా ముఖం ఉబ్బేది. హైదరాబాదులో నిలోఫర్ ఆసుపత్రిలో చేర్చారు. ముప్ఫై ఏడు రోజులు ఉన్నాను. ఉప్పు లేని అన్నం, మాత్రలు, మంచాల వరుస, ఎత్తున తిరిగే పంకా. అమ్మ నా దగ్గర ఉండేది. నాయన డ్యూటీకి పోయేవాడు. సెలవు పెడితే జీతం కోత, జీతం కోసుకుపోతే మందులు లేవు. ఇదంతా తొమ్మిదేళ్లవాడికి ఎవరు చెబుతారు? పక్క మంచం పిల్లవాడి తండ్రి పగలంతా వాడి దగ్గర కూర్చునేవాడు. మా నాయన ఏ రాత్రి ఎనిమిదింటికో, తొమ్మిదింటికో, ఆఖరి ట్రిప్పు దించేసి, ఖాకీ బట్టల మీదనే వచ్చేవాడు. ఆయన నుంచి డీజిలు వాసన వచ్చేది.

ఆసుపత్రిలో పిల్లవాడికి జబ్బు కంటె పెద్ద బాధ కాలం. నొప్పి వస్తుంది, పోతుంది. సూది వేస్తారు, ఏడుస్తాడు, అయిపోతుంది. కాలం మాత్రం అయిపోదు. గోడ మీది గీతలు లెక్కబెట్టాక, పంకా రెక్కలు లెక్కబెట్టాక, ఇంకా మధ్యాహ్నం కూడా కాదు. ఆ సంగతి నాయనకు ఎలా తెలిసిందో గాని, మూడో రోజు రాత్రి ఒక పాత క్యాలెండరు కాగితం తెచ్చి, దాని వెనక పెన్నుతో పులిజూదం గీత గీశాడు. జేబులోంచి పదిహేను చింతగింజలు తీశాడు, అవి మేకలు. మూడు గులకరాళ్లు తీశాడు, అవి పులులు. ఆ రాళ్లు మర్రిచెట్ల కింద ఏరినవని చెప్పాడు. ఆ రోజు నుంచి ప్రతి రాత్రీ ఒక ఆట. నేను పగలంతా ఆ కాగితం ముందు పెట్టుకుని, రాత్రి ఏ మేకను ఎక్కడ పెట్టాలా అని ఎత్తులు వేసుకునేవాణ్ణి. అప్పటి నుంచి పగలు కొంచెం పొట్టిదైంది.

ఒక రాత్రి ఆయన చాలా ఆలస్యంగా వచ్చాడు. నేను అలిగి ఉన్నాను. “నీకు నా కన్న బస్సే ఎక్కువ,” అన్నాను. అమ్మ నా నోరు మూయబోయింది. నాయన ఏమీ అనలేదు. కాగితం పరిచి, పులులను పెట్టి, “నీ మేక పెట్టు,” అన్నాడు. నాలుగైదు ఎత్తులు సాగాయి. తరువాత ఆయన వంతు వచ్చింది. ఎంతకూ కదపడు. చూస్తే, గులకరాయి వేళ్ల మధ్య ఉండగానే కూర్చున్నచోటే నిద్రపోయాడు. “పొద్దుగాల నాలుగింటికి లేచిండు బిడ్డా, పండనియ్యి,” అంది అమ్మ. నేను పండనియ్యలేదు. భుజం పట్టి ఊపాను. “నీ ఆట నాయినా, నీ ఆట,” అన్నాను. ఆయన ఉలిక్కిపడి లేచాడు. లేవగానే ఆ చేయి గులకరాయితో సహా కొంచెం ఎడమకు తిరిగింది, తిరిగి సర్దుకుంది. ఆ కదలిక అప్పుడు నాకు అర్థం కాలేదు. నిద్రలోంచి తేలిన మనిషి ముందుగా బస్సును సరిచేసుకున్నాడు. ఆ తరువాతే పులిని కదిపాడు.

ఆ ఆట ఎవరు గెలిచారో జ్ఞాపకం లేదు. లేపానన్నది మాత్రం జ్ఞాపకముంది. నాయన 2011లో పోయాడు. ఈ మాట ఆయనతో ఎన్నడూ అనలేదు.

ఆ రాత్రి మొయినాబాదులో మా బావ ఒక ప్రశ్న వేశాడు. న్యాయమైన ప్రశ్నే. “దవాఖానల పిల్లలకు మందులు గావాలె, మంచాలు గావాలె. బొమ్మలకు ఇన్ని పైసలా?” అన్నాడు. నిజమే. మందు లేని చోట బొమ్మ ఇస్తే అది పరిహాసం. మన ఆసుపత్రులలో ఒక్కో మంచం మీద ఎందరు పిల్లలున్నారో చూసినవాడెవడూ ఆ ప్రశ్నను తోసిపుచ్చలేడు. కాని మందు అందిన తరువాత కూడా పిల్లవాడికి ఇంకా ఏదో కావాలి. అది విలాసం కాదని ముప్ఫై ఏడు రోజులు పంకా రెక్కలు లెక్కబెట్టినవాడిగా చెప్పగలను. మాత్రలు నా ముఖం వాపు తగ్గించాయి. రేపటి కోసం ఎదురుచూసేటట్టు చేసింది మాత్రం ఆ పదిహేను చింతగింజలే. ఈ మాట బావతో చెబితే, కొంచెం సేపు ఊరుకుని, “అయితే నీ లెక్క ప్రకారం మామ ఒక్కడే ఆ సంస్థ పని మొత్తం చేసిండు,” అన్నాడు. బస్సూ ఆయనే నడిపాడు, ఆటా ఆయనే తెచ్చాడు. మేనల్లుడి చేత నేను పదకొండు డాలర్లు పంపించాను. ఆ చందాతో బస్సు ఎన్ని క్షణాలు కదిలిందో లెక్కవేయలేదు.

తరువాత ఏటా నవంబరులో అక్కయ్య ఇంటికి పోవడం, ఒక గంట ఆ బస్సు నడపడానికి ప్రయత్నించడం అలవాటైంది. గంట దాటి నడిపింది రెండు సార్లే.

2025లో మాత్రం నడపలేదు. ఆ నవంబరు 3న, పొద్దున్నే, తాండూరు నుంచి హైదరాబాదు వస్తున్న ఆర్టీసీ బస్సును చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర కంకర టిప్పరు ఢీకొంది. 19 మంది పోయారు. మా నాయన నడిపిన దారి, మా నాయన నడిపిన వేళ. పోయినవాళ్లలో బస్సు డ్రైవరూ ఉన్నాడు. ఆ రోజు మా బంధువుల ఇళ్లలో ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. మావాళ్లెవరూ ఆ బస్సులో లేరని తెలిశాక ఊపిరి పీల్చుకున్నాను. పీల్చుకున్నందుకు సిగ్గుపడ్డాను కూడా.

ఆ వారం మేనల్లుడు ఆట తెరవలేదు, నేను అడగలేదు. కాని ఒక విషయం నన్ను వదలలేదు. ఆ ఎడారిలో బస్సు కుడికి లాగితే ఇసుకలోకి దిగుతుంది, ఎందుకంటే వాళ్లు రోడ్డుకు కుడిపక్కన నడుపుతారు. మనం ఎడమపక్కన నడుపుతాం. మన దారిలో కుడికి జరిగితే అక్కడ ఇసుక ఉండదు, ఎదురొచ్చే లారీ ఉంటుంది. లాగుడు బండి వచ్చి మళ్లీ మొదటి నుంచి అని మనల్ని టూసాన్‌కు తీసుకుపోదు. పెన్, టెల్లర్లు విసుగు పుట్టించడానికి తమ దారిని ఖాళీగా ఉంచారు. మా నాయన ముప్ఫై ఏళ్లూ కోరుకున్నది ఆ ఖాళీనే. దినమంతా ఏమీ జరగకుండా, వెనక కూర్చున్న యాభై మందీ ఎవరి ఇళ్లకు వాళ్లు చేరడం. అలా చేరినందుకు ఆయనకు ఒక్క పాయింటైనా ఎవరూ వేయలేదు. సప్తాహంలో మూడింటి వంతు వాళ్ల వలె, ఆయన పాట ఎవరికి వినబడిందో నాకు తెలియదు.

మొన్న మొయినాబాదు నుంచి చేవెళ్లకు కావాలనే బస్సులో వెళ్లాను. డ్రైవరు వెనక సీటు దొరికింది. దారి పొడవునా ఆయన చేతులే చూశాను. అవి ఒక్క క్షణం కూడా ఊరికే లేవు. అర అంగుళం ఎడమకు, అర అంగుళం కుడికి, మళ్లీ ఎడమకు. ఆయనకు తెలియకుండానే. కనకమామిడి దాటాక, చెట్ల నీడలు అద్దం మీద పడుతుంటే, ఒకసారి కళ్లు చిట్లించాడు. చేవెళ్లలో దిగేటప్పుడు, నాకే వింతగా తోచినా, “మంచిగ నడిపినవ్ అన్నా,” అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. తెలిసినవాడినేమోనని ఒక క్షణం వెతుక్కున్నాడు. తరువాత గేరు వేసి, అద్దంలో వెనక ఎవరైనా ఎక్కుతున్నారేమో చూసుకుని, బస్సును మళ్లీ రోడ్డు మీదికి తీసుకున్నాడు.